బిజినెస్ ఇంటెలిజెన్స్ వ్యవస్థలు – ఉద్యోగుల వాడుకను నిర్ణయించే అంశాలు

ఒక సంస్థలో రోజూ పోగుపడే సమాచారాన్ని ఒకచోట చేర్చి భద్రపరిచే పద్ధతులను గురించి గత పాఠంలో చెప్పుకున్నాం. ఈ రోజు దాని తరువాతి మెట్టును చూద్దాం. సమాచారం ఒకచోట చేరింది. తెర మీద పట్టికలు, గ్రాఫులు, రంగులు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మరి ఉద్యోగులు వాటిని వాడుతున్నారా? వాడేవారు ఎందుకు వాడుతున్నారు? వాడనివారు ఎందుకు వాడటం లేదు?

ఇది చిన్న ప్రశ్నలా కనిపించవచ్చు. కానీ ఎంతో డబ్బు పోసి కొన్న వ్యవస్థ ఫలితం ఇస్తుందా, ఇవ్వదా అన్నది చివరకు కౌంటరు వెనుక కూర్చున్న ఒక ఉద్యోగి మీద ఆధారపడి ఉంటుంది. మీలో చాలామంది రేపు ఏదో ఒక కార్యాలయంలో ఇలాంటి తెర ముందు కూర్చుంటారు. కొందరు అలాంటి తెరలను ఇతరుల కోసం తయారుచేస్తారు. ఈ పాఠం ఇద్దరికీ అవసరమే.

1. బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటే ఏమిటి?

ఈ మాటను ఇప్పటి అర్థానికి దగ్గరగా వాడినవారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్. 1958లో ఆయన 'ఒక బిజినెస్ ఇంటెలిజెన్స్ వ్యవస్థ' అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశారు. సంస్థలోకి వచ్చే పత్రాలను యంత్రం సంక్షిప్తం చేయాలి. ఎవరి పనికి ఏది అవసరమో గుర్తించి, వారికే దాన్ని పంపాలి. ఇదీ ఆయన ఆలోచన. 'ఎవరి పనికి ఏది అవసరమో' అన్న మాటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరకే వస్తాం.

1989లో హోవర్డ్ డ్రెస్నర్ ఈ పదాన్ని మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు. వాస్తవాల ఆధారంగా నిర్ణయాలు తీసుకోవడానికి తోడ్పడే పద్ధతులన్నిటికీ కలిపి ఆయన ఈ పేరు పెట్టారు. ఇకపై ఈ పాఠంలో దీన్ని క్లుప్తంగా బి.ఐ. అని పిలుద్దాం.

బ్యాంకును ఉదాహరణగా తీసుకోండి. మీరు డబ్బు కడితే క్లర్కు ఆ వివరాన్ని కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలో నమోదు చేస్తారు. అది రోజువారీ లావాదేవీ. ఇలాంటి లక్షల లావాదేవీలను రాత్రికి రాత్రి తీసి, తప్పులు సరిచేసి, ఒక పెద్ద భాండాగారంలో చేరుస్తారు. దానినే డేటా వేర్‌హౌస్ అంటారు. ఏ బ్రాంచిలో డిపాజిట్లు తగ్గుతున్నాయి, ఏ రుణాల వాయిదాలు ఆగిపోయాయి వంటి ప్రశ్నలకు అందులో నుంచి జవాబులు తీసి తెర మీద చూపుతారు. ఆ తెరను డ్యాష్‌బోర్డు అంటారు.

లావాదేవీల వ్యవస్థను వాడక ఉద్యోగికి తప్పదు. అది లేకపోతే కౌంటరు నడవదు. బి.ఐ. అలా కాదు. అది లేకపోయినా ఆ రోజు పని గడిచిపోతుంది. అందుకే దాన్ని వాడాలా, వద్దా అన్నది చాలావరకు ఉద్యోగి మనసుకు సంబంధించిన విషయం అవుతుంది.

2. ఒక అనుభవం

కొన్నేళ్ల క్రితం ఒక బ్యాంకులో కొత్త డ్యాష్‌బోర్డు పెట్టారు. దాన్ని ఎలా వాడాలో బ్రాంచీల సిబ్బందికి నేర్పే పని నాకు అప్పగించారు. ఏ మీట నొక్కితే ఏ పట్టిక వస్తుందో రెండు రోజులపాటు ఉత్సాహంగా చెప్పాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. మూడు నెలల తరువాత కేంద్ర కార్యాలయం పంపిన లెక్క చూస్తే, ప్రతి బ్రాంచిలోనూ రోజూ డ్యాష్‌బోర్డు తెరుస్తున్నట్టు ఉంది. నాకు సంతోషం కలిగింది.

ఆ సంతోషంతోనే వేరుశెనగ పండించే ప్రాంతంలోని ఒక బ్రాంచికి వెళ్లాను. అక్కడి ఫీల్డ్ ఆఫీసరు ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి, డ్యాష్‌బోర్డు తెరిచి, వెంటనే మూసేసి, సొరుగులోంచి ఒక పాత డైరీ తీశారు.

"ఇదేమిటండీ?" అని అడిగాను.

"తెరవకపోతే జోనల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది సార్. అందుకని తెరుస్తాను. అందులో నా రైతులందరూ ఎర్రగానే ఉన్నారు. ఈ రోజు ఎవరింటికి వెళ్లాలో అది చెప్పదు. నా డైరీ చెబుతుంది" అన్నారాయన.

ఎరుపు రంగు అంటే బకాయి మొండిబడుతోందని హెచ్చరిక. మామూలు రుణాల్లో వాయిదా 90 రోజులకు మించి ఆగిపోతే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా గుర్తించాలి. ఈ నిబంధన 2004 మార్చి 31తో ముగిసిన ఆర్థిక సంవత్సరం నుంచి అమలులో ఉంది. కానీ పంట రుణాలకు లెక్క వేరు. స్వల్పకాలిక పంటలకు ఇచ్చిన రుణమైతే రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటలకైతే ఒక పంట కాలం బకాయి పడితేనే దానిని నిరర్థకంగా లెక్కిస్తారు. ఆయా రాష్ట్రాల్లో పంట కాలాన్ని నిర్ణయించేది రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి. పంట చేతికి వచ్చాకనే రైతు చేతికి డబ్బు వస్తుంది కనుక ఈ ఏర్పాటు.

ఆ బ్రాంచిలోని డ్యాష్‌బోర్డు పంట రుణాలకు కూడా 90 రోజుల కొలతే వేసింది. అందువల్ల రుణం సక్రమంగా నడుస్తున్న రైతు పేరూ, నిజంగా చితికిపోయిన రైతు పేరూ పక్కపక్కనే ఎర్రగా కనిపించాయి. అన్నీ ఎర్రగా ఉంటే ఎరుపుకు అర్థం ఏముంటుంది? అంతకంటే బాధ కలిగించే సంగతి ఒకటుంది. సమీక్షా సమావేశంలో పై అధికారులు ఆ తెరనే చూసి ఆ ఆఫీసరును నిలదీశారు. ఆ పట్టికను పట్టుకొని వసూలుకు వెళ్లిన ఒక ఉద్యోగి, ఇంకా గడువు దాటని ఒక రైతును ఊరి రచ్చబండ దగ్గర నలుగురిలో నిలబెట్టి అడిగారు. మరుసటి ఏడాది ఆ రైతు బ్యాంకు గడప తొక్కలేదు. వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లాడు.

నేను మీటలు నేర్పాను. ఆ ఆఫీసరు చేసే పని ఏమిటో తెలుసుకోలేదు. ఆ తప్పు నాది. ఈ పాఠంలోని విషయాలన్నీ ఆ తప్పును అర్థం చేసుకునే ప్రయత్నంలో నేను చదివినవే.

3. ఉపయోగమా, సులభతా?

ఉద్యోగులు కంప్యూటరు వ్యవస్థలను ఎందుకు స్వీకరిస్తారన్న విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే నమూనా ఫ్రెడ్ డేవిస్‌ది. 1989లో ఆయన ప్రచురించిన పరిశోధనలో 152 మంది వాడుకదారులను, నాలుగు రకాల ప్రోగ్రాములను పరిశీలించారు. రెండు విషయాలు అడిగారు. ఈ వ్యవస్థ వల్ల నా పని మెరుగవుతుందని అనుకుంటున్నానా? ఇది వాడటం తేలికని అనుకుంటున్నానా?

ఫలితం ఆసక్తికరంగా ఉంది. మొదటి అధ్యయనంలో ఉపయోగానికీ వాడుకకూ ఉన్న సహసంబంధం 0.63. సులభతకూ వాడుకకూ ఉన్న సహసంబంధం 0.45. రెండూ ముఖ్యమే. కానీ ఉపయోగానిదే పైచేయి. పనికివచ్చే వ్యవస్థ కొంచెం కష్టంగా ఉన్నా జనం నేర్చుకుంటారు. పనికిరాని దాన్ని ఎంత తేలిక చేసినా పక్కన పెట్టేస్తారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించండి. ఉపయోగం అంటే సంస్థకు కలిగే ఉపయోగం కాదు. ఆ ఉద్యోగి తన పనికి ఉపయోగమని తాను అనుకోవడం. డ్యాష్‌బోర్డు వల్ల కేంద్ర కార్యాలయానికి ఎంతో మేలు జరగవచ్చు. దానివల్ల ఫీల్డ్ ఆఫీసరుకు ఒక్క మేలూ కలగకపోతే ఆయన దృష్టిలో అది మరొక రిజిస్టరు మాత్రమే.

4. అంకె మీద నమ్మకం

1992లో డిలోన్, మెక్‌లీన్ అనే ఇద్దరు పరిశోధకులు సమాచార వ్యవస్థల విజయానికి ఒక నమూనా ప్రతిపాదించారు. అందులో వ్యవస్థ నాణ్యతనూ, సమాచారం నాణ్యతనూ వేరువేరుగా చూపారు. 2003లో దాన్ని సవరిస్తూ, వాడుకదారులకు అందే సహాయం నాణ్యతను కూడా చేర్చారు.

బి.ఐ. విషయంలో సమాచారం నాణ్యతదే ప్రాణం. తెర వేగంగా తెరుచుకోవచ్చు, రంగులు అందంగా ఉండవచ్చు. అంకె తప్పయితే అంతా వృథా. పైగా ఉద్యోగి ఆ తప్పును ఇట్టే పట్టేస్తారు. ఎందుకంటే తన బ్రాంచి లెక్క ఆయనకు ముందే తెలుసు. పది అంకెలు సరిగా ఉండి ఒక్కటి తప్పుగా ఉన్నా, మిగతా పదింటి మీద కూడా అనుమానం పుడుతుంది. పాలకుండలో ఒక్క ఉప్పురాయి పడితే చాలు కదా!

మన బ్యాంకింగ్ రంగంలో ఈ సమస్య పాతదే. బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు పంపే నివేదికల్లో అంకెలను మధ్యలో చేత్తో మార్చే అవసరం లేకుండా, బ్యాంకు కంప్యూటర్ల నుంచే నేరుగా తీసుకోవాలన్న ఉద్దేశంతో 2010 నవంబరులో రిజర్వు బ్యాంకు ఒక మార్గపత్రం విడుదల చేసింది. నిరర్థక ఆస్తుల గుర్తింపును పూర్తిగా కంప్యూటరుతోనే జరపాలని 2020 సెప్టెంబరులో ఆదేశించి, 2021 జూన్ 30 వరకు గడువు ఇచ్చింది. చాలా బ్యాంకుల్లో అప్పటికీ ఆ పని కొంత చేతితోనే సాగుతుండటం అందుకు కారణం. కోర్ బ్యాంకింగ్ వచ్చిన ఇన్నేళ్ల తరువాత కూడా ఇలాంటి ఆదేశం అవసరమైందంటే, యంత్రం రావడం ఒకటి, దాని అంకె మీద పని నడవడం మరొకటి అని మీకు అర్థమవుతుంది.

5. పనికీ పనిముట్టుకీ పొందిక

1995లో గుడ్‌హ్యూ, థాంప్సన్ అనే పరిశోధకులు మరొక ముఖ్యమైన సంగతి చెప్పారు. ఒక సాంకేతిక వ్యవస్థ మంచిదా, చెడ్డదా అని విడిగా అడగకూడదు. ఏ పనికి మంచిది అని అడగాలి. కొడవలి మంచిదే, కానీ దానితో మట్టి తవ్వలేం.

జోనల్ మేనేజరుకు కావలసింది యాభై బ్రాంచీల మొత్తం. ఫీల్డ్ ఆఫీసరుకు కావలసింది ఈ వారం కలవవలసిన పదిమంది రైతుల పేర్లు, వారి ఊళ్లు, పంట ఎప్పుడు చేతికొస్తుందన్న వివరం. క్లర్కుకు కావలసింది రేపు గడువు తీరే డిపాజిట్ల జాబితా. ముగ్గురికీ ఒకే తెర ఇస్తే అది ఒక్కరికే సరిపోతుంది. సాధారణంగా ఆ ఒక్కరు పై అధికారే. 1958లో లూన్ చెప్పిన 'ఎవరి పనికి ఏది అవసరమో' అన్న మాట విలువ ఇక్కడ తెలుస్తుంది.

6. చుట్టూ ఉన్నవారి ప్రభావం

ఉద్యోగి ఒంటరిగా నిర్ణయం తీసుకోరు. పై అధికారి ఏమనుకుంటారు, పక్క సీటులోని మిత్రుడు వాడుతున్నాడా అని కూడా చూస్తారు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, మరి ముగ్గురు పరిశోధకులు కలిసి, అంతకుముందున్న ఎనిమిది నమూనాలను సమన్వయం చేసి ఒక ఉమ్మడి నమూనా రూపొందించారు. అందులో నాలుగు ప్రధానాంశాలున్నాయి. పని మెరుగవుతుందన్న ఆశ, ఎంత శ్రమపడాలన్న అంచనా, చుట్టూ ఉన్నవారి ప్రభావం, అనుకూల పరిస్థితులు. చివరిదాని కిందికి శిక్షణ, పరికరాలు, సందేహం వస్తే చెప్పే మనిషి వంటివి వస్తాయి.

చుట్టూ ఉన్నవారి ప్రభావం గురించి వారు కనుగొన్నది మనకు ముఖ్యం. వాడటం తప్పనిసరి చేసిన చోట ఆ ప్రభావం కనిపించింది. అది కూడా తొలి రోజుల్లోనే. అనుభవం పెరిగేకొద్దీ అది తగ్గిపోయింది. అంటే ఆజ్ఞ మనిషిని తెర దాకా తీసుకురాగలదు. అక్కడ కూర్చోబెట్టేది మాత్రం సొంత అనుభవమే.

మరి అధికారి చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. సమావేశంలో ఆ అధికారే తెర తెరిచి, "ఈ అంకె ఇలా ఎందుకుంది, మీకేమైనా తెలుసా?" అని అడిగితే వాతావరణం మారుతుంది. అదే అంకెను చూపి, "ఇలా ఎందుకు చేశారు?" అని గద్దిస్తే మరోలా మారుతుంది. రెండు ప్రశ్నలకూ మాటల్లో తేడా కొద్దిగానే ఉంది. ఫలితంలో మాత్రం చాలా ఉంది.

7. భయం చేసే పని

యంత్రం వస్తే ఉద్యోగం పోతుందన్న భయం మన దేశంలో కొత్తది కాదు. బ్యాంకుల్లో యంత్రాల ప్రవేశాన్ని ఉద్యోగ సంఘాలు గట్టిగా ప్రశ్నించాయి. చర్చల తరువాత 1983లో యాజమాన్యాలకూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1984లో ఇచ్చిన నివేదిక బ్యాంకుల యాంత్రీకరణకు దారి చూపింది. ఉద్యోగులతో మాట్లాడిన తరువాతే యంత్రం అడుగుపెట్టిందన్నది ఆ చరిత్ర చెప్పే పాఠం.

బి.ఐ. తెచ్చే భయం వేరే రకం. ఉద్యోగం పోతుందని కాదు, తన మీద నిఘా పెట్టారని. న్యూయార్క్ నగర పోలీసు శాఖ 1994లో కాంప్‌స్టాట్ అనే పద్ధతి ప్రవేశపెట్టింది. నేరాల లెక్కలను ఎప్పటికప్పుడు ముందు పెట్టి, స్థానిక అధికారులను సమావేశాల్లో జవాబు అడిగేవారు. పోలీసుల పనితీరులో అది పెద్ద మార్పు తెచ్చింది. ఎన్నో నగరాలు దాన్ని అనుసరించాయి. కానీ ఒత్తిడి పెరిగేకొద్దీ నేరాల తీవ్రతను తగ్గించి నమోదు చేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. దానిపై వేసిన సమీక్షా సంఘం నివేదిక 2013లో వెలువడింది. తప్పుడు వర్గీకరణ వల్ల కొన్ని గణాంకాలపై చెప్పుకోదగ్గ ప్రభావం పడిందని అందులో తేల్చారు.

దీని అర్థం లెక్క అడగకూడదని కాదు. అంకెను కర్రలా వాడితే, కింది వారు అంకెను కాపాడుకోవడం మొదలుపెడతారు, పనిని కాదు. అప్పుడు తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. బయట మాత్రం సమస్య అలాగే ఉంటుంది.

8. తిరిగి వచ్చే ఫలం

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ చూడండి. అమెరికాలోని కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ 1994లో సమయపాలనలో అక్కడి పెద్ద విమాన సంస్థలన్నిటికంటే వెనుకబడి ఉంది. 1995లో ఆ సంస్థ అధిపతి గోర్డన్ బెథూన్ ఒక మాట ఇచ్చారు. సమయపాలనలో సంస్థ మొదటి ఐదు స్థానాల్లో నిలిచిన ప్రతి నెలా ఉద్యోగులందరికీ తలా 65 డాలర్లు ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా. 'విమానం ఎన్ని నిమిషాలు ఆలస్యం' అన్న అంకె అంతవరకు పైవారి లెక్క. ఇప్పుడది సామాను మోసేవారి లెక్క కూడా అయింది.

ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ సంస్థ పెద్ద డేటా వేర్‌హౌస్ నిర్మించింది. విమానాశ్రయంలో పనిచేసేవారికి అప్పటికప్పుడు తాజా సమాచారం అందేలా చేసింది. మరో విమానం అందుకోవలసిన ప్రయాణికుడికి సమయం చాలదని ముందే తెలిస్తే ఉద్యోగి సాయపడగలడు. అంకె వచ్చిన క్షణంలోనే దానితో చేయవలసిన పని ఉంది. 2010లో ఆ సంస్థ యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమైంది. కానీ బి.ఐ. చదివేవారికి ఆ అనుభవం ఇప్పటికీ పాఠ్యాంశమే.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, కింద నుంచి పైకి మాత్రమే పోయే సమాచారం ఉద్యోగికి బరువు. పైకి పోయి, తన పనికి సాయంగా తిరిగి వచ్చే సమాచారం ఆయనకు బలం.

9. వాడుకను ఎలా కొలవాలి?

ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క మోసం చేస్తుంది. నన్ను మోసం చేసింది అదే. 2013లో బర్టన్-జోన్స్, గ్రాంజ్ అనే పరిశోధకులు వాడుకకూ, సార్థకమైన వాడుకకూ తేడా చూపారు. మీరూ ఆ తేడా పాటించండి. ఎన్నిసార్లు తెరిచారని అడగవద్దు. ఆ అంకె చూశాక ఏ నిర్ణయం మారింది అని అడగండి. ఈ మధ్య మామూలు మాటల్లో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ సాధనాలు కూడా బి.ఐ.లో చేరాయి. వాటివల్ల సులభత పెరిగింది. నమ్మకం, పొందిక అన్న ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక ఆ బ్రాంచి కథ ముగిద్దాం. నేను ఫీల్డ్ ఆఫీసరు డైరీని అడిగి తీసుకొని చదివాను. అందులో ప్రతి రైతు పేరు పక్కన మూడు విషయాలు ఉన్నాయి: వేసిన పంట, నీటి వసతి, కూతురి పెళ్లి, ఆసుపత్రి వంటి పెద్ద ఖర్చు. ఆ డైరీని ముందు పెట్టుకొని నివేదిక తయారుచేసేవారితో మాట్లాడాం. పంట రుణాలకు పంట కాలం లెక్క వేశారు. ఆఫీసరు తన మాటల్లో ఒక వాక్యం రాసుకోవడానికి ఖాళీ గడి పెట్టారు. ఎరుపు చాలా తగ్గింది. మిగిలిన కొద్ది పేర్లలో ఒకటి ఆయన డైరీలో లేదు. పెద్ద రైతు, మాటకారి, ఎప్పుడూ అనుమానం రాని మనిషి. రెండు పంట కాలాలుగా ఆయన వాయిదాలు ఆగిపోయి ఉన్నాయి.

ఆఫీసరు కాసేపు తెర వైపు చూసి, డైరీ తెరిచి ఆ పేరు రాసుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నమే ఆ ఊరికి బయలుదేరారు. డైరీని ఆయన వదల్లేదు. వదలవలసిన అవసరం కూడా లేదు.

వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లిన రైతు మాత్రం తిరిగి వచ్చాడో లేదో నేను చెప్పలేను. తెర మీది తప్పు అంకెను ఒక్క రోజులో దిద్దవచ్చు. దానివల్ల దెబ్బతిన్న మనిషి మనసును అలా దిద్దలేం.

సారాంశం

బి.ఐ. వ్యవస్థను ఉద్యోగి మనస్ఫూర్తిగా వాడాలంటే అది తన పనికి ఉపయోగపడుతుందని ఆయనకు అనిపించాలి. అంకె మీద నమ్మకం ఉండాలి. తెర ఆయన పనికి తగినట్టు ఉండాలి. సందేహం తీర్చే మనిషి అందుబాటులో ఉండాలి. అంకెను శిక్షకు కాక సంభాషణకు వాడే అధికారి ఉండాలి. ఆజ్ఞ వీటికి తోడు కాగలదు, బదులు కాలేదు.

ఆలోచించండి

1. మీకు తెలిసిన ఒక కార్యాలయంలో ఉద్యోగులు కంప్యూటరు ఉన్నా సొంత పుస్తకం రాసుకుంటున్నారా? ఆ పుస్తకంలో ఉండి, కంప్యూటరులో లేనిది ఏమిటో అడిగి తెలుసుకోండి.

2. ఒకే సమాచారాన్ని మేనేజరుకు, ఫీల్డ్ ఆఫీసరుకు, క్లర్కుకు ఎలా వేరువేరుగా చూపుతారో మూడు పట్టికలు గీయండి.

3. వాడుకను తప్పనిసరి చేస్తే కలిగే లాభమేమిటి, నష్టమేమిటి? ఈ పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.

వచ్చే పాఠంలో సమాచార భద్రతను గురించి తెలుసుకుందాం. అంతవరకు సెలవు. నమస్కారం.